గోడ మీద ఆగిన భాగహారం

గిలకలదిండి రేవు పక్క ఐసు ఫ్యాక్టరీ యజమాని మా లెక్కల టీచరు గారి గోడకు సున్నం వేయించాడు. ఆవిడ పోయిన మూడో రోజునే. సోమవారం రంగులవాళ్లొచ్చి అక్కడ సెల్‌ఫోన్ బొమ్మ వేస్తారట. గోడ ఆయనదే, కాదనను. కానీ చిన్నప్పుడు ఆయనా భాగహారం నేర్చుకున్నది ఆ గోడ దగ్గరే.

టీచరు గారు మొన్న మంగళవారం నిద్రలోనే పోయారు. బందరు స్కూల్లో రిటైరయ్యాక కూడా ఆవిడ ఆదివారం రేవుకు రావడం మానలేదు. చేపల వేలం అయిపోయి జనం పల్చబడ్డాక, కొంగు దోపుకుని బొగ్గుముక్కతో గోడ మీద ఒక పెద్ద సంఖ్య రాసేవారు. ఒకటీ, అదీ తప్ప దాన్ని ఇంకేదైనా శేషం లేకుండా భాగిస్తుందా? భాగించకపోతే అది ప్రధాన సంఖ్య. తేల్చే పని మాది. వలలు బాగుచేసేవాళ్లు, ఐసు మోసేవాళ్లు, ఎవరైనా సరే కింద లెక్క చేయొచ్చు. జవాబు మాత్రం ఆవిడ చెప్పేవారు కాదు.

నేను అక్కడికి మొదట వెళ్లింది మా సంఘం కరపత్రాలు పంచడానికి. ఆ రోజు గోడ మీద 30,031 ఉంది. రెండు నుంచి పదమూడు దాకా ఉన్న ఆరు ప్రధాన సంఖ్యల్నీ గుణించి ఒకటి కలిపానని ఆవిడే చెప్పారు. అయితే వాటిలో దేనితో భాగించినా ఒకటి మిగులుతుంది, కాబట్టి ఇది ప్రధాన సంఖ్యేనని సభలో మాట్లాడినట్టు ప్రకటించాను.

"ఈ ఆరుగురికీ లొంగనిది ఇంకెవరికీ లొంగదని ఎవరు చెప్పారబ్బాయ్?" అన్నారు టీచరు గారు.

పక్కనే గంప దించుకున్న రొయ్యలమ్మే అత్త అందుకుంది. "నీ ఉద్యమం పదమూడు దగ్గరే ఆగిపోయిందేంటయ్యా?"

అందరూ నవ్వారు. ఒళ్లు మండిపోయి బొగ్గు లాక్కున్నాను. 59 దగ్గర శేషం సున్నా వచ్చింది. 59 ఇంటూ 509. టీచరు గారు నవ్వలేదు. ఫ్లాస్కు మూతలో టీ పోసిచ్చి, "కోపం ఉండాలయ్యా. ముందు భాగించు, తర్వాత అరుద్దువుగాని" అన్నారు.

నేను చదివిన కరపత్రాల్లో ఎక్కడా ఈ మాట లేదు. తర్వాత హంసలదీవి వైపు కరకట్ట గురించి కరపత్రం రాసినప్పుడు, విన్నది రాసేయకుండా వెళ్లి కట్ట మీద నడిచి చూసి రాశాను. ఆ అలవాటు ఆవిడ పెట్టిందే.

చివరి ఆదివారం నా వైపు చూసి మరీ 96,99,691 రాశారు. ఈసారి పంతొమ్మిది దాకా గుణించి ఒకటి కలిపారు. మూడు వందల దాకా వచ్చాం, దేనికీ లొంగలేదు. దాని వర్గమూలం దాకా, అంటే మూడు వేలు దాటేదాకా చూడాలి. అది తేలకుండానే సెల్‌ఫోన్ బొమ్మ కింద మరుగైపోతే ఆవిడ అడిగిన ప్రశ్నను మనం వినిపించుకోనట్టే.

సున్నం చూసిన రోజు, యజమాని ఇంటి మీదికే పోదాం పదండన్నాను. రొయ్యలమ్మే అత్త కదల్లేదు. కళ్లు తుడుచుకుని, "ముందు భాగించరాదూ" అంది.

అందుకని, ఈ ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు ఐసు ఫ్యాక్టరీ గోడ దగ్గరికి రండి. తలా ఒక బొగ్గుముక్క తెచ్చుకోండి. యజమాని గారూ, మీరూ రండి. మూడు వందల ఏడుతో మొదలుపెడతాం. గోడ ఇప్పుడు తెల్లగా ఉంది. బొగ్గు బాగా కనిపిస్తుంది.