పద్నాలుగు అంగుళాల చుట్టు

నంద్యాల స్టేషన్లో ఉదయం ఆరింటికి దిగాం. ఏడుగురం. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. లారీలో పద్దెనిమిది మైళ్లు తూర్పుకు పోతే నల్లమల అంచు. యుద్ధానికి కలప కొట్టే కూలీల శిబిరానికి కాపలా కాయమని ఉత్తర్వు. ఏప్రిల్ నెల. వెదురు ఎండిపోయి గాలికి కటకటలాడేది. వాగులో గుండ్రాళ్లే మిగిలాయి. మనిషికి రోజుకు రెండు సీసాల నీళ్లు. పటాలంలో తుపాకులు బాగుచేయడం నా పని.

మేం వచ్చేసరికే పులి ఇద్దరు కూలీలను ఎత్తుకుపోయింది. నాలుగో రోజు మూడో మనిషి పోయాడు. మిగిలినవాళ్లు గొడ్డళ్లు కింద పెట్టేశారు. మా కెప్టెన్ తన సొంత వేట తుపాకీ తెచ్చి నా ముందు పెట్టాడు. గొట్టం అరిగిపోయింది. ఆయన పెట్టెలో మారు గొట్టాలు రెండున్నాయి.

తుపాకీ ఎరగనివాళ్లకు ఇక్కడ కాస్త చెప్పాలి. గొట్టం లోపల మెలితిరిగిన సన్నటి గాడులుంటాయి. గుండు వాటి వెంట తిరుగుతూ బయటికొస్తుంది. బాగా తిరిగే బొంగరం నిలబడుతుంది, తిరుగుడు చాలనిది ఒరిగిపోతుంది. గుండూ అంతే. పొడుగాటి బరువు గుండుకు తిరుగుడు ఎక్కువ కావాలి. కడ్డీకి గుడ్డ బిగించి, గొట్టంలోకి తోసి, అది ఒక చుట్టు తిరిగేసరికి ఎంత లోపలికి పోయిందో గీత పెట్టి కొలిచాను. ఒకదాంట్లో పది అంగుళాలకు ఒక చుట్టు. రెండోదాంట్లో పద్నాలుగు అంగుళాలకు, అంటే తిరుగుడు తక్కువ. మొదటిది పాతది, మూతి దగ్గర తుప్పు మచ్చలు. రెండోది అద్దంలా మెరుస్తోంది. జింకలను కొట్టే తేలిక గుండుకు అది సరిపోతుంది. కెప్టెన్ పులి కోసం తెప్పించుకున్నవి పొడుగాటి బరువు గుండ్లు.

మెరిసేదే బిగించమన్నాడు. బిగించి, వంద గజాల దూరంలో అట్ట నిలబెట్టి ఐదు కాల్చాను. రెండు రంధ్రాలు కోలగా పడ్డాయి. అట్ట తీసుకెళ్లి చూపించాను.

"సార్, గుండు గాల్లో అడ్డం తిరుగుతోంది. పాతదే బిగిస్తాను."

"పులిని వంద గజాల్లో ఎవరు కొడతారు? ముప్పైలో కొడతాను. తుప్పు గొట్టం నాకొద్దు."

ఇంకో మాట అనాల్సింది. సెల్యూట్ కొట్టి వచ్చేశాను.

మాతో వచ్చిన రాజంపేట హవల్దార్ నన్ను చూశాడు. "ఏమప్పా, మొగం అట్ల పెట్టినావు?"

"ఆ గొట్టం పులికి పనికిరాదు సాబ్."

"చెప్పినావు గదా. ఇంకేం చేస్తాం? ఆయప్ప కెప్టెను."

మర్నాడు సాయంత్రం ఐదింటికి వాగు కాపలా నుంచి టెలిఫోను మోగింది. హవల్దార్ తీసి, విని, మావైపు తిరిగాడు.

"పులి. అవతల గట్టున ఉండాది."

"దూరం?" అన్నాడు కెప్టెన్.

"తొంభై గజాలుంటాది."

కెప్టెన్, నేను, దారి చూపే చెంచు పెద్దాయన పరుగెత్తాం. మధ్యలో చాటు లేదు, అంతా రాళ్లే. దగ్గరికి పోవడానికి వీల్లేదు. కెప్టెన్ అక్కడి నుంచే కాల్చాడు. పులి పడింది. లేచింది. వెదుర్లలోకి పోయింది.

పెద్దాయన రాయి మీద నెత్తురు వేలితో తాకి చూశాడు. పక్కనే వెంట్రుకలతో చిరిగిన తోలుముక్క.

"గుండు లోపలికి పోలేదప్పా. తోలు చించింది, అంతే. ఇప్పుడు దానికి కోపం శానా ఉండాది."

"వదిలేస్తే?" అన్నాను.

"పొద్దున కూలీల ఆడోళ్లు చెలమ నీళ్లకు ఈడికే గదా వచ్చేది."

మర్నాడు ఉదయం ఆరూ పదికి లోపలికి వెళ్లాం. ముందు పెద్దాయన, వెనక కెప్టెన్, హవల్దార్, చివర నేను. ఈసారి కెప్టెన్ చేతిలో పటాలం తుపాకీ ఉంది. నాలుగు వందల గజాలు పోయాక పెద్దాయన మమ్మల్ని ఆపాడు. ఎడమ నుంచి వచ్చింది. కెప్టెన్ రెండో దెబ్బకు పులి చచ్చింది. అప్పటికే పెద్దాయన దాని కింద ఉన్నాడు.

మంచం మీద మోసుకుని లారీ దాకా వచ్చాం. హవల్దార్ ఆయన ముక్కు దగ్గర చేయి పెట్టి చూశాడు. "పోయినాడప్పా," అన్నాడు.

మధ్యాహ్నం కెప్టెన్ నా డేరాకు వచ్చాడు. వేట తుపాకీ బల్ల మీద పెట్టాడు. "నువ్వు చెప్పావు," అన్నాడు. చెప్పింది చాలలేదని నాకు తెలుసు. తుపాకీ తీసుకుని ఆ గొట్టం విప్పడం మొదలుపెట్టాను.

ఆరు వారాల తర్వాత సెలవు మీద కోయిలకుంట్ల చేరాను. మా అన్న అరుగు మీద కూర్చోబెట్టి అడిగాడు: "పులిని చూసినావంట గదా. ఎంత ఉండాదిరా?"

"పెద్దదే," అన్నాను.

నిజానికి పులి నాకు సరిగా గుర్తులేదు. వెదుర్ల మధ్య, వెనక్కి తిరగకుండానే ఆ పెద్దాయన ఆగమని మావైపు చాపిన అరచేయి గుర్తుంది. ఐదు వేళ్లూ విచ్చి ఉన్నాయి. ఒక్కటీ వణకలేదు.