మిద్దె మీది మన్ను

నంద్యాల, ఆళ్లగడ్డ మధ్య మా పల్లెల్లో, కూలికి మిద్దెలు కప్పే మత్తయి వాననీరు దిగనివ్వని చౌడు మన్ను పరచని మిద్దె లేదు. ఏటా వానలకు ముందు, పాత మన్ను తీయకుండానే దాని మీద కొత్తది వేయించుకోవడం మా అలవాటు. మోకాటిలోతు మట్టి నెత్తిన పెట్టుకుని, ఇల్లు కురవడం లేదని మురిసిపోయేవాళ్లం. అంత తెలివిగలవాళ్లం మేము.

1956 ఎండాకాలంలో రాళ్లు పరీక్షించే సారొకాయన వచ్చి, నల్లమల అంచున సంచులు మోయడానికి మత్తయిని పెట్టుకున్నాడు. ఒక వాగు గట్టులో రాతిపొరలు తెగి, ఒకవైపువి నిలువెత్తు కిందికి జారి ఉన్నాయి. సారు ఆ గీతను వేలితో చూపించాడు.

"ఎప్పుడో నేల కదిలిన చోటిది. మళ్లీ కదులుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. కానీ మీ మిద్దెల బరువుకి చిన్న అదురు చాలు."

మత్తయికి భార్య పోయింది. ఉన్నది ఒక్క కూతురు లూదియా. ఇంటికి రాగానే మిద్దెక్కి సగం మన్ను దించేశాడు. "మీయి గూడా దించుకోండప్పా" అని ఇల్లిల్లూ తిరిగాడు. ఊరు నవ్వింది. నేనూ నవ్వాను, ఇప్పుడు సిగ్గుపడి లాభమేముంది.

రెండేళ్లు నేల కదల్లేదు. మత్తయి ఇల్లు మాత్రం కురిసింది. 1958 వానల్లో, పెళ్లయిన లూదియా కాన్పుకు పుట్టింటికొచ్చి కొడుకును కన్నది. తొమ్మిదో రోజు ముసురు పట్టింది. ఉయ్యాల ఎటు జరిపినా బిడ్డ మీద చుక్క పడుతూనే ఉంది.

"నాయనా, నీ అదురు యాడుందో నాకు తెల్దు. వాన ఈడుంది, బిడ్డ తడుస్తాండాడు" అంది లూదియా.

వాన తెరిపివ్వగానే మత్తయి మిద్దెక్కి చౌడు పరిచాడు. చాలదనిపించి ఇంకో పొర వేశాడు. "ఎండలు రాంగనే దించేస్తాలేమ్మా" అన్నాడు.

మూడోనాడు మధ్యాహ్నం, అతను వాగు దగ్గరుండగా నేల అదిరింది. అటకమీది గిన్నెలు గలగలలాడినంతసేపే. మా గోడలు బీటలిచ్చి ఆగాయి. కూలింది ఒక్క మత్తయి ఇల్లే. రెండేళ్లుగా నాని పుచ్చిన దూలం తడిమన్ను మోయలేకపోయింది.

చేతులతోనే తవ్వాం. ఉయ్యాల మీదికి వంగి, లూదియా అలాగే ఉంది. ఇద్దరిలో ఎవరికీ ఊపిరి లేదు. మత్తయి ఏడవలేదు. కూతురి జుట్టులోని మన్ను ఒక్కొక్క గడ్డా తీస్తూ కూర్చున్నాడు. ఆ మనిషి ముందు నిలబడలేక నేను ఇంటికొచ్చి ఏడ్చాను.

నెల తర్వాత ఊరంతా పారలు పట్టింది. నేనూ వెళ్లి పిలిచాను.

"మత్తయ్యా, మా మిద్దె మన్ను దించాల. ఎంత దించాల్నో నువ్వే చెప్పు."

"మీ ఇంట్లో పసిబిడ్డలుండారా అప్పా?"

"ఉండాడు. ఆరు నెలలోడు."

మత్తయి మా మిద్దె వైపు, మబ్బు వైపు చూశాడు. తన పార నా చేతిలో పెట్టాడు.

"ఎంత దించాల్నో నాకు తెల్దప్పా" అన్నాడు.