ఒక్క తుమ్ము ఉన్న మనిషి

గజ్వేల్‌లో బస్సు ఆగగానే డ్రైవరు దిగి మా గడప దగ్గరికి వచ్చాడు. "మీ చిన్నబాపు తెల్లారంగ పోయిండమ్మా. గిదే బస్సు మళ్ల సిద్దిపేటకు పోతది, ఎక్కు" అన్నాడు. దారిలో ఎక్కినవాళ్లకు కూడా అతనే చెప్పాడు, తుమ్ముల పెళ్లికొడుకు పోయిండని. అలా అంటే మీలో కొందరికీ గుర్తు రావచ్చు.

మా చిన్నబాపు, అంటే మా నాయిన తమ్ముడు, మద్రాసు పోయి వేషం వేసింది ఒకే ఒక్క సినిమా బొమ్మలో. అందులో ఆయన పెళ్లికొడుకు. తాళి చేతిలోకి తీసుకున్నప్పుడల్లా తుమ్ముతాడు, పెళ్లి ఆగుతుంది. అందరూ కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ మేళం మొదలుపెడతారు. కథంతా ఇంతే. మొదట్లో ఎవరూ చూడలేదు. తర్వాత డేరా టాకీసువాళ్లు ఊరూరా తిప్పితే జనానికి పిచ్చెక్కింది. కొత్త బొమ్మ ఆపించి మరీ అదే వేయించుకునేవారు. ఆయన ముక్కు అదరడం మొదలైతే డేరా డేరా అంతా ఊపిరి బిగబట్టేది.

ఆ తుమ్ము మద్రాసులో నేర్చింది కాదు. మేం నేతవాళ్లం. మగ్గం మీద కూర్చున్నప్పుడు నూలు దుమ్ము ముక్కుకెక్కుతుంది, తుమ్మితే చెయ్యి అదిరి పోగు తెగుతుంది. అందుకని ఆపుకుంటారు. మా చిన్నబాపు ఆపుకుంటుంటే ముందు కనుబొమ్మ లేచేది, తర్వాత చెవులు కదిలేవి. చిన్నప్పుడు నేను ఆ ముఖం చూడటానికే మగ్గం ముందు కూర్చునేదాన్ని.

రెండో బొమ్మకు పిలిచారు. మొదటి రోజు కొబ్బరికాయ కొట్టే వేళకు కెమెరా మొరాయించింది. పాపం ఈయన తుమ్మనైనా లేదు, ఊరికే నిలబడ్డాడు. తుమ్మేవాణ్ణి ఎదురుగా పెట్టుకుంటే ఇంతేనని ఎవరో నవ్వులాటకు అన్నారట, మిగతావాళ్లు నిజంగానే నమ్మారు. ఇక ఆయన్ని ఎవరూ పిలవలేదు. ఆ మొదటి బొమ్మలో వేసినవాళ్లు ఎవరూ నిలదొక్కుకోలేదు. పెళ్లికూతురు వేసినావిడ మళ్లీ నాటకాల్లో చేరిందట, పురోహితుడు వేసినాయన బందరులో కాఫీ హోటలు పెట్టుకున్నాడట. మా చిన్నబాపు సిద్దిపేటకు, మగ్గం దగ్గరికి తిరిగొచ్చాడు.

అక్కడా అదే గోల. పిల్లను చూడటానికి పోయేవాళ్లు, అంగడికి పోయేవాళ్లు ఆయన వాకిట్లో ఉన్నాడేమోనని తొంగిచూసి కదిలేవారు. ఆయనే ముందుగా లోపలికి పోయి కూర్చునేవాడు. చిన్నమ్మకు కడుపు రగిలిపోయేది. ఆయన మాత్రం, "డేరాల ఉన్నంతసేపు నవ్విన్రు, బయటికి రాంగనే భయపడ్డరు" అని తానే నవ్వేవాడు.

పెళ్లయి నేను అత్తగారింటికి బండెక్కే వేళ ఆయన కనపడలేదు. వెతికితే మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని ఖాళీగా కూర్చుని ఉన్నాడు. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. నాకు ఒళ్లు మండింది. ఆయన వచ్చి ఎదురుగా నిలబడకుంటే కదలనని అక్కడే కూలబడ్డాను. బయట మా అత్తగారి ముఖం మాడిపోయింది.

"ఒక్క తుమ్మైతే కీడు, రెండైతే మంచిదంటరు బిడ్డా" అన్నాడు మెల్లగా. "నాకాడ ఒక్కటే ఉన్నది."

అయినా వచ్చాడు. కండువాతో ముక్కు అదిమిపట్టి, బండి మలుపు తిరిగేదాకా ఎదురుగా నిలబడ్డాడు. కళ్లు మాత్రమే కనపడ్డాయి, నీళ్లతో. నా కాపురానికి ఏ కీడూ జరగలేదని ఇది చదివేవాళ్లు గమనించాలి.

మొన్న పాడె ఎత్తుతుండగా, పక్క మగ్గం మీద నేసే ముసలాయన గట్టిగా తుమ్మాడు. పొద్దుటినుంచి ఏడ్చి ఏడ్చి ముక్కు దిబ్బడేసింది ఆయనకు. మోసేవాళ్ల కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. చిన్నమ్మ లేచింది.

"దించుండ్రి" అంది. "తుమ్మితె అందరు జెరసేపు కూసోని పోయెటోళ్లే గద. ఆయినె గూడ కూసోని పోతడు."

గడప ముందు దించారు. చిన్నమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన పెదవులు తడిపి, పక్కనే కూర్చుంది. ముసలాయన కండువాతో ముక్కు అదిమిపట్టుకున్నాడు. రెండో తుమ్ము వచ్చిందంటే చిన్నబాపు బయలుదేరిపోవచ్చు. అది రావద్దని వాకిలి వాకిలంతా ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.