మావయ్య మెదడుకి బందరు లడ్డూ

ఆ రోజుల్లో మా వైపు మెదడు అనే మాట తిట్లలో తప్ప పెద్దగా వినపడేది కాదు. "నీకు మెదడుందా?" అని అడిగేవాళ్ళే గాని, ఉంటే అందులో ఏం జరుగుతుందని అడిగినవాళ్ళు లేరు. అటువంటి కాలంలో నేను జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, బందరులో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌గా చేరి మెదడు పాఠం మొదలుపెట్టాను. పాఠం సగం కాకముందే ఎవరి మెదడునైనా బాగుచేయగలనన్న నమ్మకం కుదిరింది. (వయసు అలాంటిది. అప్పుడు జుట్టు కూడా ఉండేది.)

నా చేతికి చిక్కిన మొదటి రోగి గుడివాడ మావయ్య, మా అమ్మ తమ్ముడు. ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు, నోరారా నవ్వే మనిషి, పేకాట తప్ప వేరే లోపం లేదు. ఆ ఒక్కటే చాలింది. ఓసారి అత్తయ్య పుట్టిల్లు కూచిపూడి నుంచి పసిపిల్లతో వచ్చి గుడివాడ బస్టాండులో దిగింది. తీసుకురావడానికి బయల్దేరిన మావయ్య "ఒక్క ఆటే" అనుకుని దారిలో క్లబ్బులో కూర్చున్నాడు. ఆవిడ రిక్షా ఎక్కి ఇంటికి పోవచ్చు. పోలేదు. ఇప్పుడొస్తాడు, అప్పుడొస్తాడు అని పొద్దుగూకేదాకా బెంచీ మీద ఎదురుచూసి, మళ్ళీ కూచిపూడి బస్సే ఎక్కేసింది. పేక మానితేనే కాపురానికి వస్తానని కబురు పెట్టింది.

"ఊళ్ళో పిల్లలందరికీ మెదడు గురించి చెబుతున్నావుగా, మీ మావయ్యకి చెప్పరా. వాడి కాపురం పోయేట్టుంది," అంది అమ్మ.

శనివారం గుడివాడ వెళ్ళి కాగితం మీద మెదడు బొమ్మ వేశాను. (కాలీఫ్లవర్‌లా వచ్చింది.) "మావయ్యా, గెలిచినప్పుడు నీ మెదడులో డోపమైన్ అనే రసాయనం ఊరుతుంది. అందుకే మళ్ళీ మళ్ళీ ఆడాలనిపిస్తుంది. స్వీటు తిన్నా ఊరేది అదే. కాబట్టి పేక మీదికి మనసు పోయినప్పుడల్లా ఓ బందరు లడ్డూ తిను," అన్నాను.

"ఇంత తేలికైన వైద్యం ఉందని ఇన్నాళ్ళూ చెప్పలేదేంట్రా అల్లుడూ!" అని మావయ్య నన్ను కౌగిలించుకున్నాడు.

వారం వారం నేను లడ్డూల పెట్టె పట్టుకెళ్ళేవాణ్ణి. మావయ్య నిజంగానే క్లబ్బు వైపు వెళ్ళలేదు. కాకపోతే బల్బు కొనడానికి వచ్చినవాణ్ణి నిలబెట్టి, నా వైపు తిరిగి, "డోపమైను పడిపోతోందిరా, ఒకటి ఇటివ్వు," అనేవాడు. రోగిని ఒంటరిగా వదలకూడదు గనక తోడుగా నేనూ తినేవాణ్ణి. ఇద్దరి చొక్కా గుండీలకీ కష్టకాలం వచ్చింది.

పేక మానాడని విని అత్తయ్య వచ్చింది. మమ్మల్ని పక్కపక్కన చూసి, "పేక మానిపించమంటే పొట్ట పెంచావేంటి బాబూ?" అని పెట్టె తీసుకెళ్ళి దాచేసింది.

ఆ తర్వాతి శనివారం నేను వెళ్ళేసరికి మావయ్య వంటింట్లో స్టూలెక్కి ఉన్నాడు. అటక మీది డబ్బా ఒకటి చేతిలో ఉంది. మూత ఒక్కసారిగా తీయడం లేదు. ఓ కన్ను మూసి, ఊపిరి బిగబట్టి, కొంచెం కొంచెంగా జరుపుతున్నాడు. పేక ముక్కని అలాగే జార్చి చూసేవాడు. గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. నవ్వలేదు.

"ఈ మొహం నాకు తెలుసు. నన్ను బస్టాండులో కూర్చోబెట్టింది ఈ మొహమే," అని లోపలికెళ్ళి సూట్‌కేసు దించింది.

మావయ్య స్టూలు మీదే కూలబడ్డాడు. "లడ్డూ దొరికితే ఏముందే, తిని ఊరుకుంటాను. ఉందా లేదా అని మూత తీసేదాకానే. పేకా అంతేనే, ముక్క తిప్పేదాకానే. ఆ రోజు బస్టాండులో నువ్వు ఎదురుచూస్తున్నావని తెలిసి కూడా లేవలేకపోయాను. నేనసలు మనిషినేనా అనిపిస్తుంది," అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

ఆయన చెప్పిందంతా నా పుస్తకంలో ఉంది. పరీక్షకి రాదని పిల్లల చేత కొట్టేయించిన పేజీలో! చేతికొచ్చాక కాదు, వస్తుందో రాదో తెలియనప్పుడే ఆ రసాయనం ఎక్కువ ఊరుతుంది. ఈసారి బొమ్మ వేయకుండా, గొప్పలు పోకుండా, ఇద్దరికీ అదే చెప్పాను.

"అయితే నేనంటే ఇష్టం లేక కాదన్నమాట," అంది అత్తయ్య. సూట్‌కేసు అలాగే వదిలేసి, బీరువాలో చీరల వెనక నుంచి లడ్డూల పెట్టె తీసుకొచ్చి, మూత తీసి బల్ల మీద పెట్టింది. "ఇదుగో. ఇక వెతికేదేం లేదు."

నాలుగు రోజుల్లో ఆ పెట్టె మీద మావయ్య కంటే చీమలకే మక్కువ ఎక్కువైంది.

పేక అంత తేలిగ్గా పోలేదు. మధ్యలో జారాడు, జారినప్పుడు తనే వచ్చి అత్తయ్యకి చెప్పుకున్నాడు. కానీ ఆవిడ ఊరెళ్ళి వచ్చే రోజున మాత్రం కొట్టు కట్టేసి ముందే బస్టాండుకి చేరేవాడు. సెల్‌ఫోన్లు లేవు, ఏ బస్సులో వస్తుందో తెలీదు. ఓసారి నేనూ పక్కన నిలబడ్డాను. బస్సు మలుపు తిరగ్గానే మునివేళ్ళ మీద లేచి, ఊపిరి బిగబట్టి, "దీంట్లో ఉందంటావా అల్లుడూ?" అన్నాడు. స్టూలు మీద చూసిన మొహమే. ఆ బస్సులో ఆవిడ లేకపోతే, "పోన్లే, ఇంకోటి వస్తుందిగా," అని ఇంకా హుషారుగా నిలబడేవాడు.

ఇప్పుడు నాకు జుట్టు లేదు, పొట్ట మాత్రం ఆనాటిదే. మా ఆవిడ అవనిగడ్డ వెళ్ళొచ్చేటప్పుడు ఫోన్ చేస్తే ఏ బస్సో, ఎక్కడుందో తెలిసిపోతుంది. చేయను. బందరు బస్టాండులో నిలబడి వచ్చే ప్రతి బస్సుకీ మెడ చాస్తాను. "ఎంతసేపైంది వచ్చి? ఫోన్ చేయొచ్చుగా!" అంటుంది దిగగానే. ఇప్పుడే వచ్చానని చెబుతాను.