నాకు నేనే సవతి

మొన్న ఆదివారం మావారు కొత్త లాప్‌టాప్‌లోకి పాత ఫోటోలు మారుస్తుంటే, మా అమ్మాయి తెర మీదికి వంగి "మామా, వేర్ ఇస్ట్ దాస్?" అంది. అమ్మా, ఎవరీవిడ అని, జర్మన్‌లో. కన్నకూతురే గుర్తుపట్టని ఆ మనిషిని నేనే. ఆవిడకీ నాకూ పాత కక్షలున్నాయి.

కరోనా వచ్చిన మొదటి చలికాలం. జర్మనీలో మేముండే ఇంగోల్‌స్టాట్‌లో ఫోటో స్టూడియోలతో సహా అన్నీ మూసేశారు. కార్ల కంపెనీలో ఇంజినీరైన మావారు ఇంటి నుంచే పని. సాయంత్రాలు ఏం చెయ్యాలో తోచక, పోర్ట్రెయిట్లు తీయడం నేర్చుకుంటానని కెమెరా తెప్పించుకున్నారు. ఇంట్లో దొరికే ముఖం నాదే. కాన్పు తర్వాత బుగ్గల మీద పరుచుకున్న మంగు మచ్చలతో, పోపు వాసన వేసే జుట్టుతో కిటికీ పక్కన కూర్చున్నాను. "గడ్డం కొంచెం దించు. నన్ను కాదు, లెన్స్‌ని చూడు" అన్నారు. పెళ్లయ్యాక అంతసేపు ఆయన నన్ను చూడటం అదే మొదటిసారి. సిగ్గేసింది, హాయిగానూ ఉంది.

తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని మంగు తుడిచారు, కళ్ల కింద నలుపు తుడిచారు. చివరికి తేలినావిడ అందగత్తె. ఆవిణ్ణి లాప్‌టాప్ తెర మీద పెట్టుకున్నారు. భోజనాల బల్లకి అటు ఆయన, ఇటు నేను పని చేసుకునేవాళ్లం. నేనిచ్చిన కాఫీ తలెత్తకుండా అందుకుని, మీటింగుకీ మీటింగుకీ మధ్య ఆవిణ్ణి చూసి మురిసిపోయేవారు. నాకు కడుపు మండిపోయేది. వాట్సాప్‌లో ఆ ఫోటో చూసిన మా అత్తగారు "అక్కడి నీళ్లు నీకు బాగా పడ్డాయే" అని మెచ్చుకున్నారు. మర్నాడు వీడియో కాల్‌లో నన్ను చూసి, "మీ ఇంట్లో లైటు సరిగ్గా లేదేమోనే" అన్నారు.

ఇక ఉండబట్టలేక ఆయన్ని అడిగేశాను. "మీక్కావలసింది ఆవిడా, నేనా?"

"అదీ నువ్వేగా?"

"అయితే మంగున్న ఫోటో చూపించండి."

ఆయన కాసేపు వెతికి నసిగారు. "దాని మీదే సేవ్ చేసేశాను. ఒరిజినల్ లేదు."

ఆ పూట గిన్నెలన్నీ వీధి చివరికి వినపడేలా తోమాను.

మర్నాడు ఆయనే మళ్లీ కిటికీ పక్కన కుర్చీ వేశారు. ఈసారి ఏమీ తుడవకుండా తెర మీద పెట్టి, "ఇక ఇదే ఉంచుతా" అన్నారు. గెలిచానన్న సంబరంతో వంగి చూశాను. మంగు, అలసట, నేను. "ఆ బుగ్గ మీది మచ్చ ఒక్కటీ తుడవకూడదూ?" అన్నాను. అనేశాక గానీ తెలియలేదు, ఆవిడ ఆయనకంటే నాకే ఎక్కువ కావాలని.

నిజం సవతైతే ఈపాటికి నాతోపాటే తల నెరిసేది. ఈవిడ మాత్రం ఏడాది గడిచినప్పుడల్లా నాకంటే ఇంకో ఏడు చిన్నదవుతోంది.