పటేలమ్మ పేరు మీద అల్లిన స్వెట్టర్లు

ఆ రోజుల్లో మగవాడు సిగరెట్టు కాల్చినా, పేకాడినా, సినిమా టిక్కెట్టు కోసం మూడు గంటలు నిలబడినా లోకం పెద్దగా పట్టించుకునేది కాదు. ఊలూ సూదులూ పట్టుకుంటే మాత్రం పట్టించుకుంటుందని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని పరీక్షించి చూడాలని నాకు ఒక్కసారీ తోచలేదు. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. తెనాలి వైపు నుంచి వచ్చి, లింగంపల్లి అవతల ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. అంతకు ముందు ఏడాది పచ్చకామెర్లతో రెండు నెలలు మంచాన పడితే, నా విసుగు భరించలేక మా అక్క నా చేతిలో రెండు సూదులు పెట్టి అల్లిక నేర్పింది. (“నోరు మూసుకుని ఇది అల్లు” అన్నదే ఆవిడ బోధన మొత్తం.) జబ్బు తగ్గింది గానీ అలవాటు తగ్గలేదు. ఉద్యోగానికి బయల్దేరేటప్పుడు ట్రంకుపెట్టె అడుగున, పంచెల కింద, నాలుగు ఊలు ఉండలు నాతోపాటు శేరిలింగంపల్లికి వచ్చేశాయి.

పాత ఊళ్ళో పటేలమ్మ ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకున్నాను. ఆవిణ్ణి ఊరంతా అలాగే పిలిచేది. నేను పెద్దమ్మా అనేవాణ్ణి. భర్త పోయాక రెండెకరాల జొన్న చేను ఒంటిచేత్తో చేయించుకునే మనిషి. ఊళ్ళో ఎవరికైనా గట్టు తగాదా వస్తే ఆవిణ్ణి సాక్ష్యానికి పిలిచేవాళ్ళు. ఆవిడ అబద్ధమాడదని ఇరుపక్షాలకీ నమ్మకం. ఇప్పుడు కొండాపూరు వైపు అద్దాల మేడలు లేచిన చోటంతా అప్పుడు నల్లబండలు, సీతాఫలం పొదలు, అక్కడక్కడ ద్రాక్షతోటలు. చలికాలం వచ్చిందంటే ఆ బండల మీదుగా వీచే గాలి ఎముకల్లోకి పోయేది. స్వెట్టరు అల్లుకోవడానికి అంతకన్న న్యాయమైన కారణం ఉండదు గదా. అయినా నేను సాయంత్రం ఇంటికి రాగానే గది తలుపు గడియ వేసుకుని, స్టేషను దగ్గరి అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చిన నవల ఒళ్ళో తెరిచి, పేజీ మీద స్టీలు గ్లాసు బరువు పెట్టి, చదువుతూ అల్లుకునేవాణ్ణి. కథ పరుగెత్తే చోట వట్టి సీదా వరసలు, వర్ణనలు వచ్చే చోట లెక్క పెట్టుకోవలసిన జడ అల్లిక. ఈ ఏర్పాటు చాలా శాస్త్రీయమైనదని నా అభిప్రాయం. (హత్య జరిగిన పేజీల దగ్గర అల్లిక కాస్త బిగుసుకుపోయేది. దానికి మందు లేదు.)

ఇలా సాగుతుండగా ఒక సాయంత్రం లింగంపల్లి రైల్వే గేటు దగ్గర, బండి పోయేదాకా ఆగి ఉంటే, గోధుమ రంగు కుక్కపిల్ల ఒకటి వచ్చి నా సైకిలు చక్రానికి ఆనుకుని కూర్చుంది. గేటు తెరిచాక నా వెంటే నడిచింది. నేను దిగి నడిస్తే నడిచింది, ఎక్కి తొక్కితే ఏడ్చింది. చివరికి దాన్ని టిఫిను సంచిలో వేసుకుని ఇంటికి చేరాను. పటేలమ్మ సంచిలోకి తొంగి చూసి, “ఉంచుకుంటే ఉంచుకో బిడ్డా. గాని దాని పెంట ఎత్తిపోసుడంత నీ పనే, నాతోని కాదు” అంది. ఎంతకీ తెమలని వ్యవహారం గనుక, గుమాస్తాగా నాకు తోచిన పేరు దానికి పెండింగు అని పెట్టాను.

పెండింగు వచ్చాక నా శాస్త్రీయమైన ఏర్పాటు వారం రోజులు కూడా నిలవలేదు. సూదులు టకటకమంటే నా చూపు దాని మీద లేదని అది రెండో రోజుకే కనిపెట్టింది. చెప్పు మాయమయ్యేది, లేదా నవల మూల తడిసేది. పుస్తకాల షాపాయన ఒకసారి నమిలిన అట్టను వెలుతురుకు పట్టి చూసి, కుక్కకు కూడా సభ్యత్వం కట్టమన్నాడు. ఊలు ఉండ కనిపిస్తే ఇక చెప్పనక్కరలేదు. పగిలిన కూజా ఒకటి తెచ్చి, ఉండను అందులో వేసి, మూతి గుండా పోగు పైకి లాగుతూ అల్లడం మొదలుపెట్టాను. పెండింగు ఆ కూజా చుట్టూ పడుకుని నిద్రపోవడం నేర్చుకుంది. తెల్లారి దాన్ని బండల దాకా పరుగెత్తించడం, వచ్చి బువ్వ పెట్టి ఆఫీసుకు పోవడం, సాయంత్రం మళ్ళీ తిప్పి, అది అలసిపోయి పడుకున్నాక నాలుగు వరసలు, పది పేజీలు. అంతే దక్కేది. ఆ పది పేజీలంత శ్రద్ధగా అంతకు ముందు ఎప్పుడూ చదవలేదని మాత్రం ఒప్పుకోవాలి.

అలాంటి ఒక ఆదివారం పొద్దున మా హెడ్ క్లర్కుగారు ఏదో కాగితం మీద నా సంతకం కావాలని ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఆయన కృష్ణా జిల్లా మనిషి, మాట పొదుపు, నవ్వు అంతకన్న పొదుపు. అరుగు మీద కూర్చోబెట్టి, కలం కోసం లోపలికి పోయి, తలుపు సరిగా వేయకుండా బయటికి వచ్చాను. పటేలమ్మ ఓ పక్కన బియ్యం చెరుగుతోంది. ఆయన కాగితం మడత విప్పేలోగా పెండింగు నా సగం స్వెట్టరును నోట కరుచుకుని వచ్చింది. ఒక సూది వేలాడుతోంది, వెనకాల ఉండ దొర్లుతోంది. అది హెడ్ క్లర్కుగారి కాళ్ళ చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, ఆయన్ని నీలం ఊలుతో కట్టేసి, ఎదురుగా కూర్చుంది.

“ఏమిటయ్యా ఇది?” అన్నారాయన.

“పెద్దమ్మదండి” అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు, దానంతటది వచ్చింది.

పటేలమ్మ చేతిలో చాట ఆగింది. నా వంక ఒకసారి చూసింది. “ఔ, నాదే” అని మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. హెడ్ క్లర్కుగారు కాళ్ళకున్న ఊలు విప్పుకుంటూ, ఆ జడ అల్లికను చాలాసేపు పరీక్షగా చూసి వెళ్ళిపోయారు. ఆయన వీధి మలుపు తిరిగాక పటేలమ్మ, “ఇంకోపారి నాతోని అబద్ధమాడిపియ్యకు బిడ్డా” అంది, కోపం లేకుండానే. నేను సరేనన్నాను. గండం గడిచిందన్న సంతోషంలో ఆ మాట నా చెవి దాకా వచ్చి ఆగిపోయింది.

గండం గడవలేదు. వారం తిరక్కుండా హెడ్ క్లర్కుగారు మెరూన్ రంగు ఊలు తెచ్చి, తనకొక చేతుల్లేని స్వెట్టరు కావాలనీ, పెద్దమ్మగారిని కాస్త అడగమనీ నా బల్ల మీద పెట్టారు. ఇంటికి తెచ్చి ఇస్తే, పటేలమ్మ ఆ పొట్లం తీసుకుని నా గుమ్మం ముందు పెట్టి పోయింది. అల్లాను. ఆయన తొడుక్కుని ఆఫీసుకు వచ్చారు. ఆ తరవాత టైపిస్టు, స్టోర్సు కీపరు, ఆయన తోడల్లుడు. నవలలు మూలపడ్డాయి. చలికాలమంతా నేను ఒక ముసలమ్మ పేరు మీద రహస్యంగా చాకిరీ చేస్తుంటే, పటేలమ్మకు మాత్రం ఫ్యాక్టరీ దాకా పేరు పోయింది. నిజం చెప్పొద్దూ, పొగడ్తలన్నీ ఆవిడకు పోతుంటే నాకు కాస్త కుళ్ళుగా కూడా ఉండేది.

చివరికి ఒక సాయంత్రం హెడ్ క్లర్కుగారి భార్య స్వయంగా వచ్చారు. మనవడి కోసం తనే అల్లుతున్నారట. చంక దగ్గర కుట్లు తగ్గించడం కుదరడం లేదట. “మీరొకసారి చూపిస్తే నేర్చుకుంటానండీ” అని సూదులు పటేలమ్మ చేతిలో పెట్టారు. నేను గది కిటికీ వెనక ఉన్నాను. కలుపు తీసి, జొన్న కోసి మొరటుబారిన ఆ చేతుల్లో సూదులు అడ్డదిడ్డంగా ఉన్నాయి. ఆవిడ వాటి వంక కాసేపు చూసింది. ఆ కాసేపట్లో నాకు ఏం తోచాలో అది తోచింది. గట్టు తగాదాల్లో ఊరంతా నమ్మే నోటిచేత నేను మూడు నెలలుగా అబద్ధమాడిస్తున్నాను. అయినా కిటికీ వెనకే ఉండిపోయాను.

“అమ్మా, నాకిది రాదు. ఎన్నడు పట్టింది లేదు” అంది పటేలమ్మ. “గవన్నీ మా పోరడే అల్లిండు. సిగ్గుపడి నా పేరు చెప్పిండు. నేను ఔనన్న. తప్పు నాదే.”

తప్పు నాదే అన్న మాట వినగానే తలుపు తీసుకుని బయటికి వచ్చాను. చేతిలో నా అల్లిక కూడా ఉంది, కింద పెట్టడం మరిచిపోయాను. ఏదో క్షమాపణ లాంటిది మొదలుపెట్టాను గానీ హెడ్ క్లర్కుగారి భార్య పూర్తి చేయనివ్వలేదు. చంక దగ్గర రెండేసి తగ్గించాలా, ఒక్కొక్కటా అని అడిగారు. కూర్చుని చూపించాను. దీపాలు పెట్టే వేళకు ఆవిడకు పట్టుబడింది. నేను మాత్రం, పటేలమ్మ అన్న ఆ నాలుగు మాటలూ ఆవిడ ఇంటికి పోయి భర్తకు చెబుతారని గుర్తొచ్చి, ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

మర్నాడు హెడ్ క్లర్కుగారు మెరూన్ స్వెట్టరులోనే ఉన్నారు. నన్ను పిలిచి, ఫైలులోంచి తలెత్తకుండా, “పొట్ట దగ్గర కొంచెం బిగుతయిందయ్యా” అన్నారు. అక్కడికి వచ్చేసరికి నవల్లో ఒక జమీందారు హత్య జరిగిందని ఆయనతో చెప్పలేదు. వదులు చేసి ఇస్తానన్నాను. అంతే. టైపిస్టు తన స్వెట్టరు చేతులు పొడుగయ్యాయని నాకే చెప్పాడు. వేరే ఎవరూ ఏమీ అనలేదు.

సాయంత్రం పటేలమ్మ ముందు నిలబడి తప్పయిపోయిందన్నాను. ఆవిడ కట్టెలు సర్దుకుంటూ, “అయిపాయె తియ్యి. ఆ కుక్క ఆకలికున్నట్టుంది, జర చూడు” అంది. పెండింగుకు బువ్వ పెట్టి, మొదటిసారి అరుగు మీద, వీధిలో అందరికీ కనిపించేలా, నవల తెరిచి సూదులు పట్టుకుని కూర్చున్నాను. మేకలు తోలుకుంటూ పోయే పెద్దమనిషి ఆగి, టైమెంతయిందని అడిగి పోయాడు. అది విన్నాక నిజానికి నాకు కొంచెం చిన్నతనమనిపించింది. అంత కష్టపడి దాచిన రహస్యానికి ఆమాత్రం గిరాకీ కూడా లేదు.

రెండేళ్ళ తరవాత నేను ఫ్యాక్టరీ క్వార్టర్సుకు మారాను. పెండింగు రానన్నది. పటేలమ్మ గడపలో అడ్డంగా పడుకుని నా సామాను పోవడం చూసింది. ఎత్తిపోసుడు తన వల్ల కాదన్న మనిషే దాన్ని చివరిదాకా సాకింది. సెలవు దొరికినప్పుడు వెళ్ళి ఇద్దరినీ చూసి వచ్చేవాణ్ణి.

ఇప్పుడు దవాఖానలో డాక్టరు కోసం కూర్చుని అల్లుకుంటుంటే పక్కవాళ్ళు ముచ్చటపడి వివరాలడుగుతారు. నేనూ పెద్దరికంగా చెబుతాను. ఒక్కోసారి చెబుతూ చెబుతూనే, గడియ వేసిన గదిలో చెమటలు కక్కుకుంటూ అల్లిన ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. లోకం నవ్వుతుందని అతను అంతలా బెదిరిపోయాడు గానీ, నాకు తెలిసి అప్పుడు ఒక్కరూ నవ్వలేదు. ఇన్నాళ్ళకు నేనే, పక్కవాళ్ళకు కారణం చెప్పకుండా, చిన్నగా నవ్వుకుంటున్నాను.