సముద్రం ఒరిగిన ఫొటో

నేను డిగ్రీ చదివే రోజుల్లో, కాకినాడలో ఒక లైబ్రరీ మేడమీద, ఫొటోల పిచ్చి ఉన్నవాళ్ళు ఆదివారం సాయంత్రాలు కలుసుకునేవారు. రిటైరైన డ్రాయింగ్ మాస్టారు ఒకాయన నడిపేవారు. తెచ్చిన ఫొటోలు గోడకి అంటించేవారు. చూసినవాళ్ళు పేరు లేకుండా చీటీ మీద అభిప్రాయం రాసి డబ్బాలో వేస్తే, మాస్టారు ఒక్కొక్కటే తీసి పైకి చదివేవారు. "మొహమాటం వద్దండి. తప్పు చెబితేనే కదా బాగుపడేది" అనేవారు.

నాకు కెమెరా లేదు. కింద పుస్తకాలు మార్చుకోవడానికి వచ్చి, మెట్లెక్కి చివరి బెంచీ మీద కూర్చునేదాన్ని. అక్కడ ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడి ఎరగను. చీటీలు మాత్రం రాసేదాన్ని. మొదటిసారి నా చీటీకి గదంతా నవ్వినప్పుడు ఒళ్ళు ఝల్లుమంది. ఇంటికెళ్ళి ఆ వాక్యం డైరీలో ఎక్కించి, పక్కన 'బాగా నవ్వారు' అని రాసుకున్నాను. ఆ తర్వాత నేను ఎవరి ఫొటో బాగుపడాలనీ రాయలేదు. ఆ రెండు మాటల కోసమే రాశాను.

ఉప్పాడ నుంచి చీరలు నేసే ఒకాయన వచ్చేవారు. చెల్లెలు కువైట్ నుంచి తెచ్చిన చిన్న కెమెరా ఉండేది ఆయన దగ్గర. ఒకసారి ఒకే ఒక్క ఫొటో తెచ్చారు. సముద్రం ఒడ్డున ఒంటరి గోడ, దాని ముందు వాళ్ళమ్మ. మిగతా ఇల్లంతా కెరటాలు పట్టుకుపోయాయట. టౌన్ హాల్లో మేము పెట్టబోయే ఎగ్జిబిషన్‌కి అది ఎంపిక కావాలని ఆయన ఆశ. "మన ఇల్లు పదిమందీ చూస్తారని అమ్మకి మాటిచ్చానండి" అన్నారు మాస్టారితో.

నా చీటీ ఇది: "సముద్రం ఓ పక్కకి ఒలికిపోతోంది. ఎవరైనా బకెట్టు పెట్టండి."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు, కాస్త ఆలస్యంగా. "గోడ ఒరిగిపోయిందండి. ఫొటోలోనైనా నిటారుగా ఉండాలని దానికి సరిగ్గా కెమెరా పట్టాను. సముద్రం సంగతి చూసుకోలేదు." ఆ చీటీ అడిగి తీసుకుని, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

మరుసటి వారానికి స్టూడియోలో మళ్ళీ ప్రింటు వేయించి తెచ్చారు. సముద్రం సమంగా ఉంది. గోడ ఒరిగింది. ఆ గోడ నిజంగానే ఒరిగిందని ఇప్పుడు నాకు తెలుసు. తెలిసే రాశాను: "సముద్రం కుదిరింది. గోడే పెద్దావిడ మీద పడేలా ఉంది. ఇద్దరిలో ఒకరిని తప్పించండి." మాస్టారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు, నవ్వు ఆపుకోలేక.

ఉప్పాడాయన గోడని తప్పించారు. మూడో వారం ఫొటోలో ఆవిడ ఒక్కతే, ఓ అంచున మిగిలింది. "ఈవిడ బస్సు కోసం చూస్తున్నట్టుంది. ఈ దారిన బస్సులు రావని చెప్పండి" అని రాశాను.

ఈసారి ఆయన నవ్వలేదు. "అమ్మని కూడా తీసేస్తే బాగుంటుందంటారా మాస్టారూ?"

మాస్టారు ఆ అంచుకి అరచెయ్యి అడ్డుపెట్టి చూశారు. "తేటగా ఉందండి" అన్నారు.

నేను నోరు తెరిచి 'వద్దు' అంటే సరిపోయేది. సిగ్గని సరిపెట్టుకున్నాను. ఆ రోజు డైరీలో కూడా 'బాగా నవ్వారు' అనే ఉంది.

ఫొటో ఎంపికైంది. నీళ్ళు, తడి ఇసుక, పైన ఆకాశం. ఎగ్జిబిషన్ రోజు గుమ్మం దగ్గర బల్ల వేసి, అభిప్రాయాల పుస్తకం ముందు పెట్టి నన్ను కూర్చోబెట్టారు. ఆయన వాళ్ళమ్మని తీసుకొచ్చారు. గంజి పెట్టిన చీర కట్టుకుని వచ్చిందావిడ. ఫ్రేము నా బల్లకి ఎదురుగానే ఉంది.

"నేనేదిరా ఇందులో?"

"ముందు ఉన్నావమ్మా. తప్పులొచ్చాయంటే బాగుచేయించాను."

"మన గోడో?"

"అదీ అంతే."

ఆవిడ ఫ్రేము అంచు వేలితో తడిమింది. "ఇల్లు మింగినదాన్నే పటం కట్టించావన్నమాట" అంది.

ఆయన ఆవిణ్ణి నా బల్ల దగ్గరికి నడిపించుకొచ్చారు. "అమ్మాయిగారూ, ఈవిడకి చదువు రాదు. ఈవిడ అన్న మాట ఉన్నదున్నట్టు రాసిపెడతారా?"

పెన్ను మూత తీశాను. రాయడం మొదలుపెట్టాను. సగం వాక్యం అయ్యేసరికి ఆయన పుస్తకం మీదికి వంగారు. నా అక్షరాలు చూశారు. తర్వాత జేబులోంచి నా మూడు వారాల చీటీలూ తీసి, మడతలు విప్పి, నేను రాస్తున్న వాక్యం పక్కనే వరసగా పెట్టారు. నాలుగు చోట్లా అవే గుండ్రటి అక్షరాలు, అదే పచ్చ ఇంకు.

"పూర్తి చెయ్యండి" అన్నారు.

పూర్తి చేశాను. ఆయన చీటీలు మళ్ళీ మడిచి జేబులో పెట్టుకుని, తల్లి చెయ్యి పట్టుకుని మెట్లు దిగారు.

"ఎవర్రా ఆ పిల్ల, తలెత్తి చూడనే లేదు?" అంటోంది ఆవిడ.

"ఎవరో చదువుకున్న అమ్మాయిలేమ్మా" అన్నారాయన.